కట్టుడు పళ్ళు పెట్టెలో ఎందుకున్నవి?

నోటిలో నాలుగైదు పళ్ళు మాత్రమే మిగిలిన పెద్దలు లేని వీధి మన ఊళ్ళలో కానరాదు. వారిలో అనేకులకు పిల్లలు డబ్బు ఖర్చుచేసి కట్టుడు పళ్ళు చేయించియే యున్నారు. ఆ పళ్ళు ఎక్కడ ఉన్నవని అడిగినచో ఒకరు బీరువా అరలో చూపుదురు, మరొకరు దిండు క్రింది నుండి తీయుదురు. పెండ్లికి పోవునపుడును, ఫోటో తీయించుకొనునపుడును నోటిలోనికి వచ్చు ఆ పళ్ళు, విస్తరి ముందు కూర్చొనగానే పెట్టెలోనికి పోవుచున్నవి. నమలుటకై చేయించిన సాధనము నమలు వేళకే నోటిలో లేకుండుట వింత గదా! ఇంటివారు దీనిని పెద్దల మొండితనమందురు. పెద్దలు తమ వయస్సు దోషమందురు. రెండును సరికావని నా అభిప్రాయము. నొప్పించు సెట్టును ఎవరైనను తీసివేయుదురు. ఆ నొప్పి ఎందుకు కలుగుచున్నదో కనుగొని సరిచేయింపకుండుటయే అసలు దోషము.

దీని ఫలితము నోటితో ఆగదు. చోడవరములో నా వద్దకు వచ్చు వృద్ధులు మలబద్ధమనియు, ఆకలి లేదనియు, నీరసమనియు చెప్పుకొందురు. పళ్ళ మాట వారు ఎత్తరు. ఏమి తినుచున్నారని విచారించినచో మెత్తని అన్నము, చారు, మజ్జిగ, సాయంకాలము టీలో ముంచిన బిస్కట్లు అని చెప్పుదురు. ఆకుకూర పీచు నమలబడదని, వేరుసెనగలు, జామకాయ, కొబ్బరి మానివేసి ఏండ్లు గడచినవని అప్పుడు తెలియును. ఇట్టివారికి లేహ్యము లిచ్చి ఆకలి పుట్టించిన ప్రయోజనమేమి? పుట్టిన ఆకలికి నమలగల నోరు కావలెను గదా! మధుమేహ రోగియైనచో ఆ మెత్తని అన్నము, బిస్కట్లు మరింత కీడు చేయును.

రోలు అరిగినచో రోకలి నిలువదు

చరకాచార్యుడు శరీరములోని అస్థులను 360గా లెక్కించుచు, 32 దంతములను, వాటి కాధారమైన 32 దంతోలూఖలములను వేరువేరుగా చెప్పినాడు. ఉలూఖలమనగా రోలు. పన్ను రోకలి వంటిది, అది నాటుకొనియున్న ఎముక గుంట రోలు వంటిది. సుశ్రుతుడు దంతములను రుచకాస్థు లనినాడు. పన్ను నిజమునకు ఎముక కాదని నేటి శాస్త్రము చెప్పుచున్నను, పంటికిని దవడ ఎముకకును గల సంబంధమును అంగీకరించుచునే యున్నది. పన్ను ఉన్నంతకాలము నమలునప్పటి ఒత్తిడి వేరు ద్వారా ఎముకకు అంది దానిని నిలుపును. పన్ను పోయినచో ఆ గుంట పూడి, చుట్టునున్న ఎముక క్రమముగా అరిగిపోవును. మొదటి సంవత్సరములో ఈ అరుగుదల అధికము. తరువాత మెల్లగా జీవితాంతము సాగును. కట్టుడు పళ్ళు ధరించువారిని సంవత్సరముల తరబడి పరిశీలించి టాల్‌గ్రెన్ అను పరిశోధకురాలు 1972లో ప్రకటించిన ఫలితముల ప్రకారము, క్రింది దవడ గట్టు పై గట్టు కంటె సుమారు నాలుగు రెట్లు అధికముగా అరుగుచున్నది.

కట్టుడు పళ్ళు ఈ గట్టు మీదనే కూర్చుండును. సెట్టు ఆకారము మారదు, దాని క్రింది గట్టు మారుచుండును. అయిదేండ్ల క్రిందట చక్కగా అమరిన సెట్టు నేడు ఊగుచున్నదనగా నోరు మారినదని గ్రహింపవలెను. దంతవైద్యుడు సెట్టు లోపలివైపున క్రొత్త పొర వేసి మరల అమర్చగలడు. దీనిని వారు రీలైనింగ్ అందురు. పళ్ళు మరీ అరిగినచో క్రొత్త సెట్టు కావలసి వచ్చును. కంటి అద్దములు మార్పించుటకు సంకోచింపని కుటుంబములు, పదేండ్ల నాటి పళ్ళ సెట్టును మాత్రము తాతగారు దానితోనే సర్దుకొనవలెనని భావించుట న్యాయము కాదు.

పై సెట్టు అంగిలినంతటిని కప్పి, లాలాజలపు పలుచని పొర వలన అంటుకొని నిలుచును. క్రింది సెట్టుకు ఆ ఆధారము లేదు, పైగా మధ్యలో నాలుక కదలుచుండును. అందువలన క్రింది సెట్టు కొంత కదలుట సహజము. దానిని నాలుకతోను, బుగ్గలతోను నిలుపుకొనుట కొన్ని వారముల అభ్యాసముతో వచ్చును. రక్తపోటునకు, అలర్జీకి, మానసిక వ్యాధులకు ఇచ్చు మందులలో కొన్ని నోటిని ఎండజేయును. నోరెండినచో పై సెట్టు కూడ జారును. అట్టివారు మందు మానక, సంగతి వైద్యునికి తెలుపవలెను.

ఈ బాధలు పేదలకో పల్లెవారికో పరిమితమైనవి కావు. అమెరికా తొలి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ 1789లో ప్రమాణస్వీకారము చేయునాటికి ఆయన నోట మిగిలిన సహజ దంతము ఒక్కటే. నీటిగుర్రపు దంతము, సీసము మొదలగు వాటితో చేసిన ఆయన సెట్టులు ఆయనను ఎంతో బాధించినవి. 1930వ దశకములో అక్రిలిక్ వచ్చిన తరువాత తేలికైన, చవుకైన సెట్టులు సామాన్యులకు అందినవి. అయితే వస్తువు ఎంత మంచిదైనను, నోటికి అమరనిచో అది పెట్టెలోనికే పోవును.

మిగిలిన నాలుగు పళ్ళను తొందరపడి తీయింపకుడు

“ఎలాగూ పోవునవే గదా, ఉన్నవి కూడ తీయించి ఒకేసారి సెట్టు పెట్టించుకొందును” అని పలువురు నన్నడుగుదురు. పై దవడ పన్ను కదలుచున్నను తీయరాదని సుశ్రుతుడు హెచ్చరించినాడు. అధిక రక్తస్రావము, అర్దితము, అనగా ముఖము వంకరపోవు వాతవ్యాధి, కలుగునని ఆయన భయము. మత్తుమందును, రక్తము నాపు ఉపాయములును ఉన్న ఈ కాలములో ఆ భయముతో చీముపట్టిన పంటిని దాచుకొనుట తగదు. అట్టి పన్ను తీయించవలసినదే. గట్టిగా నున్న పంటి సంగతి వేరు. ఒక్క కోరపన్ను మిగిలినను దాని చుట్టునున్న ఎముక నిలుచును, సెట్టుకు పట్టు దొరకును. పన్ను పైభాగము పాడైనను వేరు బాగున్నచో, దానికి చికిత్స చేసి వేరును చిగురుమట్టమున నిలిపి, దానిపై సెట్టు అమర్చు పద్ధతి కూడ కలదు. కనుక “తీయండి” అని దంతవైద్యునితో చెప్పుటకు ముందు “వీటిలో ఏవి నిలుపవచ్చును?” అని అడుగుడు.

జపాను దేశములో 1989 నుండి 80 ఏండ్ల వయస్సుకు 20 పళ్ళు నిలుపుకొనవలెనని ప్రజలకు బోధించుచున్నారు. మన ఇండ్లలో 60 ఏండ్లు దాటగానే పళ్ళ ఆశ వదలుకొనుట అలవాటైనది. ఈ అలవాటు పోవలెను.

పళ్ళన్నియు పోయినవారికి క్రింది దవడలో రెండు ఇంప్లాంటులు నాటి, వాటిపై సెట్టు నిలుపుట ఉత్తమమని 2002లో కెనడా దేశపు మెక్‌గిల్ విశ్వవిద్యాలయమున సమావేశమైన నిపుణులు అభిప్రాయపడిరి. శక్తి గలవారు దీనిని గురించి విచారింపవచ్చును. శక్తి లేనివారు నిరాశ చెందనక్కరలేదు. చక్కగా కొలత తీసి చేసిన సామాన్యమైన సెట్టు, సకాలమున సరిచేయించుచున్నచో, ఎందరికో భోజనము పెట్టుచున్నది.

ఒక హెచ్చరిక. సంతలలోను, వీధుల ప్రక్కను కూర్చొని, ఒక పూటలో పన్ను కట్టి, ప్రక్క పళ్ళకు తీగతోను జిగురుతోను బిగించి పంపువారున్నారు. అట్లు బిగించినది తీసి కడుగుటకు వీలులేదు. దాని క్రింద ఆహారము కుళ్ళి చిగురు వాచును, ఆధారమైన మంచి పళ్ళు కూడ కదలిపోవును. అర్హత లేనివారి చేతినుండి ప్రజలను కాపాడుటకే 1948లో దంతవైద్యుల చట్టము వచ్చినది. వంద రూపాయలు మిగులునని మిగిలిన పళ్ళు పోగొట్టుకొనుట లాభము కాదు.

పుండు పడినచో

క్రొత్త సెట్టు ధరించిన మొదటి దినములలో ఒకటి రెండు చోట్ల ఒరసి పుండు పడుట సాధారణము. అప్పుడు సెట్టు తీసివేసి, గ్లాసుడు గోరువెచ్చని నీటిలో అర చెంచా ఉప్పు కలిపి దినమునకు మూడు నాలుగు సార్లు పుక్కిలింపవలెను. దంతవైద్యుని వద్దకు పోవు దినమున మాత్రము కొన్ని గంటల ముందు సెట్టు పెట్టుకొని పోవలెను. అప్పుడే అది ఎక్కడ ఒరయుచున్నదో ఆయనకు కనబడును. ఇంటిలో చాకుతో గీకుట, గరుకు కాగితముతో రుద్దుట, విరిగినచో బజారు జిగురుతో అంటించుట ఎంతమాత్రము కూడదు. ఒకచోట వెంట్రుకవాసి గీకినను మరియొకచోట బరువు పడును. పుండుపై లవంగనూనె చుక్కలు వేయుట కూడ తగదు. నీరు కలుపని లవంగనూనె మెత్తని పొరను కాల్చును.

సెట్టు క్రింద అంగిలి ఎర్రబారి మండుచున్నచో, అది చాలవరకు రాత్రింబవళ్ళు సెట్టు తీయకుండుట వలనను, శుభ్రత లేమి వలనను బూజు జాతి సూక్ష్మజీవి పెరిగి కలుగు వ్యాధి. మధుమేహ రోగులలో ఇది హెచ్చు. రాత్రి సెట్టు తీసివేసి, శుభ్రముగా ఉంచినచో చాలమందికి తగ్గును. తగ్గనిచో దానికి తగిన మందు వైద్యుని వద్ద తీసికొనవలెను, రక్తములోని చక్కెర చూపించుకొనవలెను. నోటి మూలలు పగులుటకు అరిగిన సెట్టు ఒక కారణము. పళ్ళ ఎత్తు తగ్గి నోరు అతిగా మూసుకొనును, మూలలు మడతపడి లాలాజలము నిలుచును. రక్తహీనత కూడ ఒక కారణమే. ఎన్ని పూతలు పూసినను ఈ కారణములు పోనిదే మూలలు మానవు.

సెట్టును కాపాడుకొను విధము

రాత్రి పండుకొనునపుడు సెట్టు తీసి, కడిగి, చల్లని నీరుగల మూతగిన్నెలో ఉంచవలెను. ఎండనిచ్చినచో అక్రిలిక్ ఆకారము మారును. వేడినీటిలో వేసినచో వంకరపోవును. చిన్న సెట్టులు నిద్రలో గొంతులోనికి జారు ప్రమాదము కూడ కలదు. కడుగుటకు మెత్తని బ్రష్షు, కొద్దిగా సబ్బు చాలును. పళ్ళపొడి, బొగ్గు, ఉప్పు, ముగ్గుపొడి వాడినచో గీతలు పడి, ఆ గీతలలో మురికి చేరును. కడుగునపుడు క్రింద నీళ్ళు నింపిన పళ్ళెము పెట్టుకొన్నచో, చేయి జారినను విరుగదు. ప్రతి భోజనము తరువాత సెట్టు తీసి కడిగి, చిగుళ్ళను, అంగిలిని, నాలుకను మెత్తని గుడ్డతో తుడువవలెను. మిగిలిన పళ్ళకు తగిలించిన తీగ కొక్కెముల చుట్టు ఆహారము చేరును గనుక ఆ పళ్ళను మరింత శ్రద్ధగా తోమవలెను.

మన వైద్యము ఎంతవరకు?

పాఠకులలో కొందరు “కదలు పళ్ళు బిగియుటకు, ఊడిన పళ్ళు మరల వచ్చుటకు మూలిక కలదా?” అని అడుగుచుందురు. లేదు. అట్లు ప్రకటించువారిని నమ్మకుడు. తైలమెంత పట్టినను సెట్టు అమరిక మారదు. మాది గురుకుల విద్య. ముఖరోగములు 65 అనియు, వాటిలో సాధ్యములెవ్వి, అసాధ్యములెవ్వి అనియు సుశ్రుతుని గ్రంథమునుండి మేము వల్లించితిమి. అసాధ్యమును సాధ్యమని చెప్పి ధనము గైకొనుట వైద్యధర్మము కాదని కూడ అక్కడనే నేర్చితిమి.

అయినను మన శాస్త్రము చేయగల మేలు తక్కువది కాదు. నూనెను నోటినిండ పట్టి కదల్చకుండ ఉంచుట గండూషము. కదల్చుచు పుక్కిలించుట కవళము. తైల గండూషము వలన దవడలకు బలము, స్వరమునకు బలము, రుచి కలుగుననియు, గొంతు ఎండదనియు, పెదవులు పగులవనియు చరకుడు చెప్పినాడు. నోరెండి, సెట్టు ఒరసి బాధపడు వృద్ధులకు ఈ స్నిగ్ధత హితము. ఉదయము సెట్టు పెట్టుకొనక ముందే, గోరువెచ్చని గానుగ నువ్వులనూనె రెండు చెంచాలు నోటిలో పోసికొని, నాలుగైదు నిమిషములు మెల్లగా పుక్కిలించి ఉమ్మివేయవలెను. తరువాత గోరువెచ్చని నీటితో కడిగి, చిగుళ్ళను వ్రేలితో మృదువుగా మర్దించి, నూనె జిడ్డు పోయిన పిదప సెట్టు పెట్టుకొనవలెను. పక్షవాతము వచ్చినవారు, నీరు త్రాగినను పొలమారువారు నూనె పట్టరాదు. నూనె ఊపిరితిత్తులలోనికి పోయిన ప్రమాదము.

చిగుళ్ళు మెత్తబడి నెత్తురు వచ్చుచున్నచో చెంచాడు త్రిఫలా చూర్ణమును రెండు గ్లాసుల నీటిలో కాచి, ఒక గ్లాసునకు తగ్గించి, వడకట్టి, గోరువెచ్చగా పుక్కిలించుట మంచిది. దీనిని కూడ సెట్టు తీసియే చేయవలెను. లేనిచో త్రిఫల రంగు, పసుపు రంగు సెట్టుకు పట్టి విడువవు. పుల్లతో పళ్ళు తోముకొను అలవాటున్నవారు దాని కొనను మెత్తగా నలిపి, చిగుళ్ళకు గాయము కాకుండ తోమవలెను. చరకుడు విధించిన నియమమే ఇది. నోటిలో పుండ్లున్నప్పుడు పుల్ల వాడరాదని వాగ్భటుడు నిషేధించినాడు.

ఉత్తరాంధ్ర తల్లులకు ఒక మాట

చోడవరము 2022 ఏప్రిల్ నుండి అనకాపల్లి జిల్లాలో చేరినది, అంతకుముందు విశాఖపట్నం జిల్లాలోనిది. జిల్లాలు మారినను మన తీరప్రాంతపు అడ్డపొగ అలవాటు మాత్రము పూర్తిగా పోలేదు. చుట్ట నిప్పుకొనను నోటిలో పెట్టుకొని పీల్చు ఈ అలవాటు పెద్దవయస్సు స్త్రీలలో హెచ్చు. పిండ్‌బోర్గ్, మెహతా మొదలగువారు శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల అంగిళ్ళను పరీక్షించి 1971లో ప్రకటించిన పరిశోధన, ఈ అలవాటు అంగిలికి చేయు హానిని లోకమునకు తెలిపినది. అంగిలి కాన్సరునకు ఇది కారణము.

ఇప్పుడు పై సెట్టు సంగతి ఆలోచింపుడు. అది ఏ అంగిలిని చూడవలెనో దానినే కప్పియుంచును. సెట్టు ఒరసి పడిన పుండు, కాన్సరు పుండు తొలిదశలో సామాన్యుని కంటికి ఒకే తీరుగ కనబడవచ్చును. సెట్టు తీసివేసిన పిమ్మట రెండు వారములలో మానని పుండును, తెల్లని లేక ఎర్రని మచ్చను, గట్టిపడిన చోటును వెంటనే దంతవైద్యునికి చూపవలెను. నొప్పి లేదు గదా అని ఊరుకొనరాదు, తొలిదశలో నొప్పి ఉండకపోవచ్చును. అడ్డపొగ త్రాగు అమ్మమ్మకు సెట్టు చేయించు ముందు ఆమె చేత చుట్ట మాన్పించుడు. మానినను, మానకున్నను అంగిలిని పరీక్ష చేయించుడు. ఇట్టి పుండునకు పసుపు పూయుచు, పుక్కిలింతలు చేయుచు మాసములు గడుపుట ప్రాణాపాయము. ఈ మాట ఒక ఆయుర్వేద వైద్యుడు చెప్పుచున్నాడని గుర్తుంచుకొనుడు.

భోజనము

సెట్టు క్రొత్తలో గట్టి పదార్థములతో మొదలిడరాదు. ముద్దలు చిన్నవిగా చేసి, రెండు ప్రక్కలను సమముగా నమలవలెను. ఒక ప్రక్కనే నమలినచో రెండవ ప్రక్క లేచును. ముందుపళ్ళతో కొరుకరాదు. జామకాయను, చెరకును చిన్న ముక్కలు చేసికొనవలెను. చెరకు పొలముల నడుమ పెరిగిన మనవారికి గడ కొరుకుట మానుట కష్టమే, కాని సెట్టు దానికి ఓర్వదు. పాకపుండలు, వేరుసెనగ అచ్చులు అంటుకొని సెట్టును ఊడలాగును. చేపలు తినువారు ముండ్లు ఇంటివారి చేత తీయించుకొనవలెను. అంగిలి కప్పబడియున్నందున ముల్లు స్పర్శ తెలియక గొంతులో దిగును.

సెట్టు సరిపడువరకు బలము తగ్గకుండ చోడి అంబలి, పెసరకట్టు, మెత్తగా ఉడికించి మెదిపిన ఆకుకూర పప్పు, వేరుసెనగల పొడి కలిపిన అన్నము, పెరుగు, ఉడికించి మెదిపిన చిలగడదుంప, గ్రుడ్డు తినువారికి ఉడికించిన గ్రుడ్డు ఇవ్వవచ్చును. మధుమేహ రోగులకు దుంప, అంబలి మితముగా ఇవ్వవలెను. ఇవి తాత్కాలిక సహాయములు. ఇవి చాలునని సెట్టును మరల పెట్టెలో పెట్టనీయకుడు.

పాఠక మహాశయులకు నా మనవి యిది. ఈ వారములో ఒక దినమున మీ ఇంటి పెద్దలను వెలుతురులో కూర్చుండబెట్టి, సెట్టు తీయమని చెప్పి, అంగిలిని, చిగుళ్ళను, నాలుక ప్రక్కలను చూడుడు. ఏ ప్రక్క ఒరయుచున్నదో, ఏమి తినలేకున్నారో అడుగుడు. అది చేయించి ఎన్ని ఏండ్లయినదో లెక్కించుడు. సందేహమున్నచో దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రి దంత విభాగమునకో, దంతవైద్య కళాశాలకో తీసికొని పొండు. వారు సిగ్గుపడి అడుగరు, పిల్లలకు ఖర్చని వెనుదీయుదురు. మనమే అడుగవలెను.